హిప్పో అగస్టీన్: ఇంటిపేరా, సొంతూరా?

సందేహం: క్రైస్తవ చరిత్ర గురించిన రాతల్లో ‘హిప్పో అగస్టీన్’ అని కనిపిస్తోంది. హిప్పో ఆయన ఇంటిపేరా, సొంతూరా? ఆయన్ని కొందరు బిషప్ అని, కొందరు పీఠాధిపతి అని, మరికొందరు మేత్రాణులు అని రాస్తున్నారు. ఏది సరైనది?

సమాధానం: ఇంటిపేరూ కాదు, సొంతూరూ కాదు. హిప్పో ఆయన బిషప్‌గా పదవి చేసిన ఊరు. ఇప్పటి అల్జీరియాలో, అన్నాబా నగరం దగ్గరున్న రోమన్ల నాటి రేవు పట్టణం. పూర్తి పేరు హిప్పో రేగియుస్. అంటే రాజుగారి హిప్పో; రోమన్ల కంటే ముందు నుమిడియా (ఉత్తర ఆఫ్రికాలోని పాత రాజ్యం) రాజులు అక్కడ ఉండేవారు. ఇప్పటి ట్యునీషియా తీరంలో ఇంకో హిప్పో కూడా ఉండేది.

అగస్టీన్ 354లో పుట్టింది తగాస్తే అనే వేరే ఊళ్లో. 391లో హిప్పోకి వచ్చినప్పుడు చర్చిలో జనం ఆయన్ని పట్టుకుని, వద్దంటున్నా వినకుండా గురువుగా, అంటే చర్చి ఫాదర్‌గా, అభిషేకం చేయించారు. నాలుగైదేళ్లకు బిషప్ అయ్యారు. 430లో వాండల్ అనే జర్మానిక్ తెగ సేనలు ఊరిని ముట్టడించి ఉండగా అక్కడే కన్నుమూశారు. మనం ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం కాబట్టి ‘హిప్పో అగస్టీన్’ అంటే మీకొచ్చిన అనుమానమే అందరికీ వస్తుంది. ‘హిప్పో బిషప్ అగస్టీన్’ అని రాస్తే ఏ టెన్షనూ లేదు.

ఇక పదవి పేర్లు. మూడూ వాడుకలో ఉన్నవే. తెలుగు బైబిల్లో ఉన్న ‘అధ్యక్షుడు’ వీటన్నిటికంటే మూలానికి దగ్గర: గ్రీకు ‘ఎపిస్కొపోస్’ అంటే పైనుండి చూసుకునేవాడు. కానీ ఈ రోజుల్లో ‘హిప్పో అధ్యక్షుడు’ అంటే పార్టీ పదవి అనుకుంటారు! మేత్రాణులు అనే మాట ‘మెట్రోపాలిటన్’ నుంచి, అంటే ఒక ప్రాంతంలోని బిషప్పులకు పెద్ద అనే పదం నుంచి వచ్చింది. అగస్టీన్‌కి ఆ హోదా లేదు. నుమిడియాలో ఆ పెద్దరికం ఫలానా ఊరికని కాక, అభిషేకంలో సీనియర్ అయిన బిషప్‌కి దక్కేది. అయినా మన కతోలికులు ఏ బిషప్‌నైనా మేత్రాణులు అంటారు కాబట్టి తప్పనలేం. చరిత్ర రాసేటప్పుడు నేనైతే బిషప్ అనే రాస్తాను.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. అప్పట్లో హిప్పోలో డోనటిస్టు వర్గానికి, అంటే కతోలికుల నుంచి విడిపోయి వాళ్లతో తగాదా పడుతున్న క్రైస్తవులకు, వేరే బిషప్ ఉండేవాడు. ఆ తగాదాల గురించి రాస్తుంటే ‘హిప్పో కతోలిక బిషప్’ అని వర్గం పేరు కూడా చేర్చండి.