బిడ్డా, ఎవరిది ఏ మెట్టో రాసే ముందు

చిరంజీవి సరితకు, నల్లగొండ నుంచి పెద్దనాయిన ఆశీర్వదించి రాయునది.

మహబూబ్‌నగర్‌లో పెద్దవాళ్లకు ఇంగ్లీషు చదవడం నేర్పే సాయంత్రం క్లాసు పెడుతున్నావని, మొదట పరీక్ష పెట్టి ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో తేలుస్తావని మీ నాయిన ఫోన్‌లో చెప్పాడు. మన ఇంటి ఆడపిల్ల ఇంత పనికి పూనుకున్నందుకు గర్వంగానే ఉంది. అయితే వచ్చేవాళ్లలో విదేశాలకు పోదామనుకునే నర్సులే ఎక్కువని విన్నాక గుబులు మొదలైంది. నువ్వు చెప్పిన స్థాయిని నమ్మి వాళ్లు వేలకు వేలు పరీక్ష ఫీజు కడతారు. అందుకోసం పుస్తెలతాడు కుదువబెట్టే వాళ్లూ ఉంటారు.

గది, బెంచీలు, రసీదు పుస్తకం నువ్వు చూసుకోగలవు. స్థాయిలకు కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన భాషా స్థాయి మెట్లే తీసుకో, అన్నిటికన్నా కింది ఏ1 నుంచి ఏ2, బీ1, బీ2, సీ1 మీదుగా అన్నిటికన్నా పై సీ2 వరకు ఆరు. కానీ ఒక మనిషికి ఒకే మెట్టు రాసి ఊరుకోకు. మాట్లాడటంలో ఏ2 దగ్గర తడబడే మనిషి చదవడంలో బీ2లో ఉండటం మన జిల్లాల్లో మామూలే. డిగ్రీ అంతా ఇంగ్లీషు పుస్తకాలతోనే గడిచినా నోరు విప్పే అవసరం రాని వాళ్లు మన చుట్టాల్లోనే ఎందరున్నారో నీకు తెలుసు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది బయటికి చదివించి స్థాయి తేల్చడం. నేను వయోజన విద్యలో ఉన్న రోజుల్లో ఒక కేంద్రంలో అదే జరిగింది. పేపరు గడగడా చదివినాయనను పర్యవేక్షకుడు పై గుంపులో వేసి, అక్షరం అక్షరం కూడబలుక్కునే ఒక రైతమ్మను కింది గుంపులో కూర్చోబెట్టాడు. తర్వాత ఒకనాడు ఇద్దరికీ ఒకే పహాణీ, అంటే ఊరి భూమి రికార్డు, నకలు ఇచ్చి, ఆ భూమి ఎవరి కాస్తులో, అంటే ఎవరి సాగులో ఉందని అడిగాను. ఆయన పట్టాదారు పేరును గంట కొట్టినట్టు చదివి, కాస్తు కూడా అతనిదేనన్నాడు. ఆమె చాలాసేపు వెతికి అనుభవదారు గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ వేరే పేరుంది గద సారూ, కౌలుకిచ్చిండా, కబ్జా చేసిండా?" అని నన్నే అడిగింది. కాగితంలో రాయని సంగతిని అనుమానించిందంటే నిజంగా చదివింది ఆమే. అయినా సంవత్సరం చివరి దాకా ఆ గుంపులు మారలేదు. ఆమె మధ్యలోనే మానేసింది.

అయితే ఆమెకు భూమి సంగతి ముందే తెలుసన్నదీ మరవకు. నర్సుకు ఆసుపత్రి గురించిన పాఠమే ఇచ్చి సీ1 అని రాస్తే అదీ తప్పే. రాసినాయన ఏ పక్షాన నిలబడ్డాడో పట్టుకోవడం బీ2లోనే వస్తుంది. తన వృత్తికి సంబంధం లేని పొడవైన, చిక్కు రచనను కూడా అర్థం చేసుకోవడం సీ1 పని. కాబట్టి తెలిసిన విషయం మీద ఒకటి, తెలియనిది ఒకటి, రెండు పాఠాలివ్వు. విదేశాలకు పోయేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో చదివే పేపరులో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలుంటాయి. నిజం, అబద్ధం, పాఠంలో చెప్పలేదు అనే రకం దగ్గర అనుభవం ఉన్నవాళ్లే ఎక్కువగా పడిపోతారు. పాఠంలో లేని జవాబును తమ ఉద్యోగంలో చూసినదాని నుంచి తెచ్చిపెడతారు. తెలివి తక్కువై కాదు, తెలిసింది ఎక్కువై.

పదాల సంగతీ చూడు. ఎవరి సాయమూ లేకుండా నవల, పేపరు చదవాలంటే వందకు 98 పదాలు తెలియాలని, అందుకు 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మూలపదాన్నీ దాని రూపాలనూ కలిపి ఒకటిగా లెక్కేసినవి) కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్క తేల్చాడు. తెలుగులో ఎంత బాగా చదివే మనిషైనా, ఇంగ్లీషు పదాలు చాలకపోతే ఆ నేర్పు అక్కరకు రాదు. అటువంటి వాళ్లను చదవడం రానివాళ్లతో కలిపి కూర్చోబెట్టకు. వాళ్లకు కావలసింది పదాలు.

నీకు తొందర ఎక్కువ. పదో తరగతిలో లెక్కల పేపరు అందరికన్నా ముందు ఇచ్చేసి వచ్చి ఇంట్లో ఏడ్చినదానివి నువ్వే. ఈ పని అలా చేయకు తల్లీ. ఫలితాలు గోడ మీద అంటించకు, ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చెప్పు. నలభై ఏళ్ల మనిషి అందరి ముందు కింది మెట్టు అనిపించుకుంటే మర్నాడు రాదు. నెల తిరిగాక మళ్లీ చూసి, గుంపు మార్చవలసిన వాళ్లను మొహమాటపడకుండా మార్చు.

ఎంచుకున్న పాఠాలు రెండూ క్లాసు మొదలు కాకముందే నాకు పంపు. కంటి ఆపరేషన్ అయింది కనుక పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయించు.

మీ పెద్దనాయిన