మీరడిగారు: ఆ దుద్దు వెనక్కి తిప్పి చూశారా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. పోయిన నెల భువనేశ్వర్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్తే, కొత్తరకం నగల ఎగ్జిబిషన్ ఉందని తీసుకెళ్లింది. ఎక్కడా ఒక్క గ్రాము బంగారం లేదు. సైకిల్ ట్యూబు కోసి చేసిన గొలుసు, పేపరు చుట్టి చేసిన పూసలు, కొమ్ముతో చేసిన దుద్దులు. ఆ దుద్దులు 2,800 అట! కొమ్ము దువ్వెన ఎంతకొస్తుందో పర్లాకిమిడి వాళ్లకి తెలియదా? ఇవి కూడా నగలేనా, లేక మనల్ని వెర్రివాళ్లని చేస్తున్నారా?

జవాబు: రెండూ జరుగుతాయండి, అదీ పక్కపక్క స్టాళ్లలోనే.

మనకి నగ అంటే ముందు తూకం. పెళ్లి మాటల్లో ‘ఎన్ని తులాలు’ అనే అడుగుతాం గానీ ‘ఎవరు చేశారు’ అని ఎవరూ అడగరు. ఈ అలవాటు మీదే ఒకాయన భలే దెబ్బ వేశాడు. పేరు ఒట్టో కుంజ్లి, స్విట్జర్లాండ్‌లో పుట్టి మ్యూనిక్‌లో పనిచేసిన నగల కళాకారుడు. 1980లో నల్ల రబ్బరు గొట్టంతో ఒక కడియం చేసి, లోపల ఓ బంగారు గుండు పెట్టి మూసేశాడు. పైకి కాస్త ఉబ్బు తప్ప ఏమీ కనిపించదు. బంగారం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందని అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. లోపల బంగారం ఉందో లేదో తెలియాలంటే కోయాలి, కోస్తే కడియం పోతుంది. మరి మీరైతే కోస్తారా? మా ఆడపడుచుని అడిగితే ‘కోసేసి గుండు తీసుకుంటా’ అంది, అదీ ఒక జవాబే.

బంగారం లేకుండా నగ ఏమిటి అని మన జిల్లాల్లో అడగడమే విచిత్రం. మీ ఊరి పైన కొండల్లో సవర అవ్వలు చెవి తమ్మెలు సాగదీసి పెట్టుకునే పెద్ద పెద్ద చెక్క బిళ్లలు చూసే ఉంటారు. మల్కన్‌గిరి వైపు బోండా ఆడవాళ్లు మెడ నిండా వేసుకునే లోహపు కడియాలు, పూసల దండలు ఏ గ్యాలరీలో పెట్టినా జనం నోరు తెరుచుకుని చూస్తారు. కొరాపుట్‌లో జగన్నాథుడి గుడి పక్కనే గిరిజన మ్యూజియం ఉంది, దర్శనానికి వెళ్లినప్పుడు ఓ గంట అక్కడ కూడా గడపండి.

ఇక 2,800 సంగతి. కొమ్మంటే మన గోళ్లలో, జుట్టులో ఉండే కెరటినే, అందుకే వేడి తగిలితే మెత్తబడుతుంది. లోపలి ఎముక తీసేసి, కాచి, వేడి మీదే నొక్కి చదును చేసి, రంపంతో కోసి, ఆకురాయితో రాచి, చివర్న మెరుగు పెడతారు. కోసేటప్పుడు చీలిందంటే అప్పటిదాకా చేసిందంతా వృథా. ఇదంతా మీకు నేను చెప్పాలా! మీ ఊరి కొమ్ముపని ఒడిశా అంతా తెలుసు. కాబట్టి ఆ డబ్బులో సగమైనా కొమ్ము కోసినాయనకి చేరితే 2,800 నాకు ఎక్కువనిపించదు. ‘ఎవరు చేశారమ్మా, ఏ ఊరు’ అని అడిగి చూడండి. ‘మా ఆర్టిజన్స్ చేస్తారండీ’ అని ఊరి పేరు కూడా చెప్పకుండా దాటేస్తే మీరూ పక్క స్టాలుకి దాటేయండి.

రెండో పని, నగని వెనక్కి తిప్పి చూడటం. ఇది నాకు డబ్బులు పోగొట్టుకున్నాక వచ్చిన తెలివి. మూడేళ్ల కిందట ఇక్కడే బరంపురంలో ఒక హోటల్ హాల్లో పెట్టిన ఎగ్జిబిషన్‌లో, ‘పర్యావరణ హితం’ అని గోధుమరంగు అట్ట మీద ముద్ర కొట్టి అమ్ముతుంటే చెవి కమ్మలు కొన్నాను. నెల తిరక్కుండా కాడ ఊడిపోయింది. మా కంసాలి దగ్గరికి తీసుకెళ్తే ఒకసారి గీకి చూసి నవ్వాడు. లోపలంతా జింకు పోత, పైన పూత, కాడ జిగురుతో అంటించినది. జింకు 420 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది, వెండి టంకం పారాలంటే 600 దాటాలి, అంటే అతుకు పడేలోపు కమ్మే ఉండదు! బాగు చెయ్యలేం, కరిగించి ఇంకోటి చేసుకోలేం, చెత్తబుట్టే గతి. అట్టపెట్టె మాత్రం ఇంకా ఉంది, అందులో పిన్నీసులు వేసుకున్నా.

ప్రశ్న: మాది కంసాలి కుటుంబం, బరంపురం. నాకు 22 ఏళ్లు. షోరూమ్‌లు వచ్చాక మాకు తెగిన గొలుసుల అతుకులు తప్ప పని రావట్లేదు. ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెడదామనుకుంటున్నా. సస్టైనబుల్ అని బోర్డు పెడితే అమ్ముడుపోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు. డిజైన్ కోర్సు చెయ్యకుండా కుదురుతుందా?

జవాబు: చిన్నవాడివి కాబట్టి నువ్వు అనే అంటున్నా, ఏమీ అనుకోకు. ఆ బోర్డు ఖర్చు మిగుల్చుకో. మీ తాత పాత పట్టీలు మూసలో వేసి కరిగించి, కమ్మచ్చులో తీగ లాగి, కొత్త మెట్టెలు చేసి ఇచ్చాడు కదా, ఆ పనికే ఇప్పుడు రీసైకిల్డ్ సిల్వర్ అని ఇంగ్లిష్ పేరు పెట్టారు. జపాన్‌వాళ్లు 2017 నుంచి 2019 దాకా జనం దగ్గర పాత ఎలక్ట్రానిక్ సామాను పోగుచేశారు, అందులో సెల్‌ఫోన్లే 62 లక్షలు. వాటిలోంచి 32 కిలోల బంగారం, 3,500 కిలోల వెండి తీసి టోక్యో ఒలింపిక్స్ పతకాలు చేస్తే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. (ఇది చదివి ఇంట్లో సర్క్యూట్ బోర్డులు యాసిడ్‌లో ముంచేవు, ఆ పొగ ఊపిరితిత్తుల్ని తినేస్తుంది.)

కోర్సు చేస్తే మంచిదే, లేకపోతే ఆగిపోనక్కర్లేదు. ముందు ఒక రోజు పని మానుకుని రైలెక్కు. భువనేశ్వర్‌లో కళాభూమి అని ఒడిశా హస్తకళల మ్యూజియం ఉంది, 2018లో తెరిచారు. అక్కడ కటక్ ఊరి తారకసి, అదే వెండి తీగపని, చూడు. రెండు సన్నటి వెండి తీగలు మెలేసి, చదును చేసి, చుట్టలు చుట్టి, వెలిగారం వేసి అతుకుతారు. పని నీకు తెలిసిందే, నువ్వు చూడాల్సింది వాళ్లు వదిలే ఖాళీ. మనవాళ్లం ఖాళీ కనిపిస్తే చాలు ఒక రాయి పొదిగేస్తాం! మన గంజాంలోనే బెల్లగుంట ఇత్తడి చేప ఉంది, పొలుసు పొలుసూ విడిగా కూర్చి తోక పట్టుకుంటే నిజం చేపలా వంగేట్టు చేస్తారు. ఆ కూర్పు ఒక గొలుసుకో కడియానికో తెస్తే ఎలా ఉంటుందో నువ్వే ఆలోచించు. చేపనే చిన్నది చేసి లాకెట్ కట్టమనట్లేదు, అది అందరూ చేస్తారు.

స్టాల్ తీసుకునే ముందు ఒకటి రెండు ఎగ్జిబిషన్లకి ఊరికే వెళ్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక జనం పల్చగా ఉంటారు, అప్పుడైతే స్టాలు వాళ్లు అద్దె ఎంత, ఏం మిగిలింది అన్నీ నిజం చెప్తారు. యాభై రకాలు పెట్టుకోకు, పదో పన్నెండో చాలు. ప్రతిదాని పక్కన చీటీ మీద వెండి బరువు, మజూరీ విడివిడిగా రాసిపెట్టు. తెగితే అతికిస్తానని, పాతబడితే వెండి ధరకి తిరిగి తీసుకుంటానని కూడా రాయి. జింకు కమ్మలవాడు ఆ చీటీ రాయలేడు. మీ నాన్నగారు మజూరీ బయటపెట్టడానికి ఒప్పుకోరు, తెలుసు. ఆ గొడవ మీ ఇద్దరే తేల్చుకోండి.

ప్రశ్న: తారకసి కమ్మలు ఏడాదికే నల్లబడ్డాయి. నకిలీ వెండా? (రాయగడ)

జవాబు: నల్లబడిందంటే నకిలీ అని కాదండీ. గాలిలోని గంధకం తగిలి అసలు వెండే నల్లబడుతుంది, నకిలీవైతే పూత పోయి కింద ఎర్రగానో పచ్చగానో బయటపడుతుంది. టూత్‌పేస్ట్ జోలికి మాత్రం పోకండి. గీతలు పడతాయి, పైగా ఆ తెల్లటి ముద్ద తీగ చుట్టల్లో ఇరుక్కుంటే సూదితో కూర్చోవాలి. కుంకుడు రసంలో కాసేపు ఉంచి, చంటిపిల్లల బ్రష్‌తో మెల్లగా తోమి, తడి పూర్తిగా ఆరాకే డబ్బాలో పెట్టండి. ముత్యాలుంటే నానబెట్టొద్దు.