పళ్ళెం మీద తరంగం, మునివేళ్ళ మీద హంస

(బ్యాలే మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మేడమ్, ‘స్వాన్ లేక్’లో నల్లహంస ఒంటికాలి మీద 32 సార్లు తిరుగుతుందని చదివాను. వీడియోలు పెట్టుకుని లెక్కపెడితే ఒకావిడవి 28 వచ్చాయి. ఇంకొకావిడ సగంలో ఆపేసి వేరే అడుగులు వేసింది. వీళ్ళు తప్పినట్టేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: నాయనా, నేనూ లెక్కపెట్టినదాన్నే. పంతొమ్మిదేళ్ళ క్రితం మావారి ఉద్యోగం మీద లండన్ వచ్చిన కొత్తలో, కవెంట్ గార్డెన్ నాటకశాలలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే చవక టికెట్ కొనుక్కుని, నిలబడి చూశాను నా మొదటి ‘స్వాన్ లేక్’. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాను. ఇంటికొచ్చి మావారికి చెబుదామంటే ఆవిడ ముఖం గుర్తు రాలేదు. అంకె ఒక్కటే మిగిలింది. టికెట్ డబ్బుల కంటే ఆ ముఖం పోయినందుకు ఎక్కువ బాధపడ్డాను.

ఈ చుట్లని ఫ్వెతేలంటారు. ఆ ఫ్రెంచి మాటకి కొరడాతో కొట్టడమని అర్థం. నిలబడ్డ కాలు ప్రతి చుట్టుకీ మడమ దించి మళ్ళీ మునివేళ్ళ మీదకి లేస్తుంది. రెండో కాలు పక్కకి విసిరి మోకాలి దగ్గరికి లాక్కుంటుంది. తల అన్నిటికంటే ఆఖర్న కదిలి అన్నిటికంటే ముందు తిరిగొస్తుంది. 1877లో మాస్కోలో ఈ బ్యాలే మొదటిసారి ఆడినప్పుడు ఈ ముప్ఫై రెండూ లేవు. 1895లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నాట్య దర్శకులు పెటిపా, ఇవానోవ్ దాన్ని మళ్ళీ కట్టినప్పుడు, ఇటలీ నుంచి వచ్చిన పియెరినా లెన్యాని అనే నర్తకికి అవి బాగా వచ్చు కాబట్టి పెట్టారు. ఒక మనిషికున్న బలం తర్వాత అందరికీ నియమమైపోయింది. రష్యా నర్తకి మాయా ప్లిసెత్స్కయా వాటి బదులు వేదిక చుట్టూ గిర్రున తిరిగి వచ్చేది. ఆవిడని తప్పిందని ఎవరంటారు? 2018లో సింగపూర్‌లో అమెరికా నర్తకి మిస్టీ కోప్లాండ్ ఆ ముప్ఫై రెండూ పూర్తి చెయ్యలేదని వీడియో పెట్టి దెప్పిపొడిచారు. నాకు ఒళ్ళు మండింది. రెండు హంసల్నీ ఒకరే ఆడతారు, కానీ అంతకుముందు రెండో అంకంలో తెల్లహంసగా ఆమె ఏం చేసిందో ఒక్కరూ మాట్లాడలేదు.

మన తరంగం తలుచుకో. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి జరుగుతుంటే జనం చప్పట్లు కొడతారు. విజయవాడలో నాకు కూచిపూడి నేర్పిన మాస్టారు ‘పళ్ళెం సంగతి కాళ్ళు చూసుకుంటాయి, నువ్వు కృష్ణుణ్ణి చూడవే’ అనేవారు. నల్లహంసా అంతే. ఆమె రాజకుమారుణ్ణి మోసం చెయ్యడానికి వచ్చింది. ఆ తిరుగుడు అతని బుర్ర తిప్పడానికి. కాబట్టి ఈసారి మూడు చూడు. నిలబడ్డ పాదం ఉన్నచోటే ఉందా, జారిపోతోందా? భుజాలు చెవుల దగ్గరికి లేచాయా? ఆఖరి చుట్టు తర్వాత ఎలా ఆగింది? 2018లో లియామ్ స్కార్లెట్ లండన్‌లోని రాయల్ బ్యాలే సంస్థకి కొత్తగా కట్టిన ‘స్వాన్ లేక్’లో మరియానెలా నూనియెజ్‌ని చూశాను. ఒక్కో ఫ్వెతేలో రెండు మూడు చుట్లు కలిపేస్తుంది ఆవిడ. అదంతా అయ్యాక పాదం నేలకి దిగింది, భుజం చెక్కు చెదరలేదు, గడ్డం మాత్రం రవ్వంత పైకెత్తి రాజకుమారుడి వంక చూసింది. ‘ఇంక నువ్వు నావాడివి’ అన్నట్టు. ఎన్ని తిరిగిందో నాకు తెలియదు. ఆ చూపు ఇప్పటికీ కళ్ళముందుంది.

ప్రశ్న: 2025 లౌసాన్ బ్యాలే పోటీలో పదహారేళ్ళ కొరియా కుర్రాడు మొదటి బహుమతి కొట్టాడని విన్నాను. మా ఊళ్ళో నాట్య పోటీలు చూస్తే పిల్లల ఉసురు తీస్తున్నారనిపిస్తుంది. బ్యాలేలోనూ అంతేనా?
– నాట్యాచార్యులు, హనుమకొండ

జవాబు: మాస్టారూ, ఆ కుర్రాడు పార్క్ యూన్-జే. కొరియా మగపిల్లల్లో అక్కడ మొదటి బహుమతి అందుకున్నది అతనే మొదట. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ లౌసాన్‌ని నేను వెనకేసుకొస్తాను. స్విట్జర్లాండ్‌లో 1973 నుంచి జరుగుతోంది, 15 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి. అక్కడ రెండు నిమిషాల ముక్క ఆడి దిగిపోవడం కాదు. వారమంతా క్లాసులో, తర్ఫీదులో పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో జ్యూరీ చూస్తుంది. గురువు ఒక మాట చెప్పగానే చెయ్యి ఎంత మారింది, అదీ లెక్కలోకి వస్తుంది. గెలిచినవాళ్ళకి పెద్ద బడిలోనో సంస్థలోనో చదువుకోవడానికి స్కాలర్‌షిప్ ఇస్తారు. ఆ క్లాసులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తారు. ఫైనల్ కంటే నాకు అవే ఇష్టం.

2021లో కోవిడ్ వల్ల పోటీ మొత్తం వీడియోల మీద జరిపారు. పోర్చుగల్ అబ్బాయి అంతోనియు కజాలిన్యు గెలిచాడు. బాగా చేశాడు, సందేహం లేదు. కానీ గురువు మాటకి ఒళ్ళు మారే ఆ క్షణం లేక నాకు వారమంతా వెలితిగా ఉండింది.

నా ఫిర్యాదు పోటీ మీద కాదు, గెలవగానే పిల్ల నాట్యం పూర్తయిపోయిందనుకునే పెద్దల మీద. 2007లో లౌసాన్‌లో గెలిచిన కొరియా అమ్మాయి పార్క్ సే-ఉన్‌ని చూడండి. 2011లో పారిస్ ఒపెరా బ్యాలే సంస్థలో చేరి కింది మెట్టు నుంచి మొదలుపెట్టింది. అక్కడ అయిదు మెట్లు. ఆమె ఎక్కిన రోజుల్లో నాలుగో మెట్టు దాకా ఏటా లోపలే జరిగే పోటీలో ఎక్కాల్సి ఉండేది. పై మెట్టు ‘ఎత్వాల్’, అంటే నక్షత్రం. దానికి మాత్రం పోటీ లేదు, ప్రదర్శన చూసి ఇస్తారు. 2021 జూన్ 10న జూలియెట్‌గా ఆడాక ఆమెకి ఆ పేరు దక్కింది. ఆసియా నుంచి ఆమే మొదటి నక్షత్రం. లౌసాన్ నుంచి అక్కడికి పద్నాలుగేళ్ళు. పారిస్‌లో కొరియా అమ్మాయికి దక్కిన రెండేళ్ళకి, 2023 మార్చి 11న, కొరియాలోని సియోల్‌లో ‘జిసెల్’ ఆడాక పారిస్ కుర్రాడు గియోమ్ దియోప్‌కి అదే పేరు వేదిక మీదే ప్రకటించారు. మూడో మెట్టు మీద ఉన్న 23 ఏళ్ళవాడు నాలుగోదాన్ని దాటేసి నక్షత్రమయ్యాడు. ఆ సంస్థలో మొదటి నల్లజాతి ఎత్వాల్. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో పాయసం చేశాను.

ప్రశ్న: చిన్నప్పుడు టీవీలో ‘కూచిపూడి బ్యాలే’ అని వేసేవారు. రెండూ ఒకటేనా?
– గృహిణి, ఏలూరు

జవాబు: కాదమ్మా. మనవాళ్ళు నృత్యరూపకాన్ని బ్యాలే అనడం అలవాటు చేసుకున్నారు. వెంపటి చినసత్యంగారి రూపకాలనీ అలాగే పిలిచేవారు. కథని బృందంతో ఆడించడం ఒక్కటే పోలిక. మునివేళ్ళ చెప్పులు, ఆ శిక్షణ పూర్తిగా వేరు.

ప్రశ్న: మా పాపకి ఎనిమిదేళ్ళు. బ్యాలే క్లాసుకి వెళ్ళి మూడు నెలలైంది. గులాబీ రంగు పాయింట్ షూస్, అవే మునివేళ్ళ చెప్పులు, కావాలని ఏడుస్తోంది. పుట్టినరోజుకి కొనిద్దామా అక్కా?
– ఓ అమ్మ, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: వద్దు తల్లీ, పాప ఎంత ఏడ్చినా వద్దు. పదకొండో పన్నెండో ఏట, అదీ కొన్నేళ్ళు సరైన శిక్షణ అయ్యాక, చీలమండలో బలం చూసి, గురువు ఒప్పుకుంటేనే. పాదం ఎముకలు గట్టిపడటానికి ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. మా బంధువుల పిల్లకి తొమ్మిదో ఏటే వేసేశారు, ఫోటోలు బాగుంటాయని. ఏడాది తిరిగేసరికి మడమ నొప్పితో నాట్యమే మానేసింది. ఇప్పటికీ నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ చెప్పు ఏమిటో పాపకి చూపించు. పైకి కనిపించేది సాటిన్. లోపల ముందు భాగం గోనెగుడ్డ, కాగితం, పిండి జిగురు పొరలు పొరలుగా వేసి ఆరబెట్టిన పెట్టె. అరికాలి కింద గట్టి పట్టీ. కొత్తది చెక్కలా ఉంటుంది. ఆడేవాళ్ళు దాన్ని మెట్టుకేసి కొడతారు, తలుపు సందులో పెట్టి నొక్కుతారు, పట్టీ వంచుతారు, రిబ్బన్లు తమ చేత్తోనే కుట్టుకుంటారు. చెమటకి జిగురు మెత్తబడిపోతే ఒక్క రాత్రికే జత పోతుంది. కొరియా నర్తకి కంగ్ సూ-జిన్ పాదాల ఫోటో నువ్వు చూసే ఉంటావు. కణుపులు ఉబ్బి, గోళ్ళు నలిగి. ఆమె 1985లో లౌసాన్ గెలిచింది, 2016 దాకా ఆడింది. ఆ ఫోటో మాత్రం పాపకి ఇప్పుడే చూపించకు. పుట్టినరోజుకి రెండు గజాల రిబ్బన్ కొనిచ్చి కుట్టడం నేర్పు.

ప్రశ్న: ‘లా బయాదేర్’ చూశాను. మన దేశం కథంటూ గుడి నాట్యగత్తె, ఫకీర్లు, పూలబుట్టలో పాము! కోపం వచ్చింది. మీకు రాలేదా?
– రిటైర్డ్ లెక్చరర్, అనంతపురం

జవాబు: వచ్చిందండీ. మొదటిసారి విరామంలో లేచి ఇంటికెళ్ళిపోదామనుకున్నాను. పక్కనున్న ముసలావిడ ‘మూడో అంకం చూడకుండా వెళ్ళకమ్మా’ అని చెయ్యి పట్టుకుని ఆపింది. మూడో అంకంలో చనిపోయినవాళ్ళ ఛాయలు దిగుతాయి. చీకట్లో ఏటవాలు బాట మీదుగా తెల్లటి దుస్తుల్లో ఒక్కొక్కరే. ప్రతి ఒక్కరిదీ అదే అడుగు, ఒక కాలు వెనక్కెత్తి ముందుకి వాలడం, మళ్ళీ వెనక్కి ఒరగడం. ముప్ఫై రెండు మంది. ఇక్కడా ముప్ఫై రెండే, కానీ ఇక్కడ లెక్కపెట్టాలని తోచదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. రాత్రి పూట గోదావరి రేవు మెట్ల మీద కార్తీక దీపాలు ఒక్కొక్కటే నీళ్ళలోకి జారుతున్నట్టుంది.

పెటిపా దీన్ని 1877లో కట్టాడు. ఆ పేరు పోర్చుగీసు మాట నుంచి వచ్చింది, నాట్యం చేసే స్త్రీ అని. కానీ నిజం దేవదాసీలు యూరప్‌కి అంతకు ముందే వెళ్ళారు. 1838లో పుదుచ్చేరి దగ్గర తిరువేందిపురం నుంచి కొందరు పారిస్ వెళ్ళి ఆడారు. వాళ్ళలో అమణి అనే ఆమె మీద కవి తెయోఫిల్ గోతియే పొంగిపోయి రాశాడు. మూడేళ్ళకి ‘జిసెల్’ కథ రాసినవాళ్ళలో అతనొకడు. ఆ కాలంలో తమిళ నేల మీద కూడా ఈ స్త్రీలు పట్టిన పదాల్లో క్షేత్రయ్య తెలుగు పదాలు ఎన్నో. అవి విన్న చెవులకి బ్యాలేలోని ఆ ఫకీర్ల గంతులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు.

నా అభిప్రాయం అడిగితే ఛాయల అంకాన్ని తాకకండి, మిగతాది మార్చండి. 2024 మార్చిలో అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయంలో కథని 1930ల నాటి హాలీవుడ్‌కి మార్చి అడుగులు నిలబెట్టారు. అలాంటివి ఇంకా రావాలి. మీకు వీలైతే అక్రమ్ ఖాన్ ‘జిసెల్’ చూడండి. ప్రతాప్ పవార్ దగ్గర కథక్ నేర్చుకున్నవాడు, 2016లో ఇంగ్లిష్ నేషనల్ బ్యాలేకి కట్టాడు. పాత కథలోని పల్లెపడుచు స్థానంలో మూతపడ్డ బట్టల మిల్లు వలస కూలీ, రాజభవనం స్థానంలో నిలువెత్తు గోడ. రెండో అంకంలో చనిపోయిన ఆడకూలీలు జుట్టు విరబోసుకుని, చేతుల్లో కర్రలతో, మునివేళ్ళ మీద నిలబడి వస్తారు. మొదటి కర్ర నేలని తాకినప్పుడు హాల్లో దగ్గు కూడా వినపడలేదు. భారతీయ నాట్యం చీర కట్టించనక్కర్లేకుండా ఎలా లోపలికి వస్తుందో అక్కడ చూశాను.

ప్రశ్న: మికేలా డిప్రిన్స్ గురించి ఒక్క మాట చెప్పండి.
– డిగ్రీ విద్యార్థిని, నల్గొండ

జవాబు: ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో పుట్టిన బ్యాలే నర్తకి. యుద్ధంలో అమ్మానాన్నలు పోయారు. అనాథాశ్రమంలో పిల్లలకి అంకెలు పెడితే, ఒంటి మీద బొల్లి మచ్చలున్నాయని ఈమెకి ఆఖరి అంకె, 27. గేటు దగ్గరికి ఎగిరొచ్చిన పత్రిక మీద బ్యాలే నర్తకి బొమ్మ దొరికితే దాచుకుంది. నాలుగేళ్ళప్పుడు అమెరికా దంపతులు పెంచుకున్నారు. హార్లెమ్, ఆమ్‌స్టర్‌డామ్, బోస్టన్ సంస్థల్లో ఆడింది. 2024 సెప్టెంబర్ 10న పోయింది, 29 ఏళ్ళకే. ఆ రోజు ఆమె ఆడిన వీడియోలు పెట్టుకుని రాత్రంతా కూర్చున్నాను. ఆమె గెంతు ఎత్తు గురించే అందరూ చెబుతారు. దిగేటప్పుడు చప్పుడు ఉండదు, అది విను.

ప్రశ్న: మా ఊళ్ళో ఇవేవీ రావు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– కిరాణా కొట్టు యజమాని, మదనపల్లె

జవాబు: వరల్డ్ బ్యాలే డే అని 2014 నుంచి జరుపుతున్నారు. పెద్ద పెద్ద సంస్థలు పొద్దున క్లాసుని ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తాయి. పాతవి కూడా దొరుకుతాయి. కొట్టు కట్టేశాక ఒకటి పెట్టుకోండి. దుస్తులుండవు, దీపాలుండవు. పాత స్వెట్టర్లు, కాళ్ళకి ఉన్ని తొడుగులు వేసుకుని, చెక్క బార్ పట్టుకుని, పియానో మెల్లగా వాయిస్తుంటే మోకాళ్ళు వంచి లేస్తుంటారు. రాత్రి ‘స్వాన్ లేక్’లో రాణీగా ఆడే మనిషి కూడా పొద్దున అందరితో పాటే అదే మోకాలు వంచుతుంది. ఆ మొదటి పది నిమిషాలు దాటించకుండా చూడండి. తర్వాత ఏం తోచిందో నాకు ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.