సీటు ఖాయం చేసుకునే ముందు

బంగారుతల్లీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. రెండు మెడికల్ కాలేజీల్లో సీటు వచ్చిందట నీకు! ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మీ మామయ్య వచ్చి ఎందుకు ఏడుస్తున్నావని అడిగితే సంతోషంతో అన్నాను. అది సగం నిజం. మీ నాన్న చివర్లో గొంతు తగ్గించి ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఒక కాలేజీ నువ్వు ఇష్టపడుతున్న ఆ అబ్బాయి ఉన్న ఊళ్లోనే ఉందనీ, రెండోది రాత్రంతా రైల్లో కూర్చుంటే గాని రాదనీ, నువ్వు ఎటూ తేల్చుకోలేక సరిగ్గా తినడం లేదనీ. మిగతా సగం ఏడుపు దానికి.

నువ్వు అడగకుండానే రాస్తున్నాను. కోపం వస్తే రానీ, పూర్తిగా చదువు.

డిగ్రీకి గుర్తింపు ఉందా, మొత్తం చదువుకు ఫీజు ఎంత, ఒక సబ్జెక్టు పోతే ఏడాది పోతుందా అన్నవి నీకు తెలిసినవే. కాగితాలు మీ నాన్న చూస్తాడు.

నువ్వు చూడాల్సింది ఆస్పత్రిని. అమెరికాలో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అని ఒకాయన ఉండేవాడు. డాక్టర్ కాదు, బడి నడిపిన మనిషి. అమెరికా, కెనడాల్లో ఉన్న 155 మెడికల్ కాలేజీల పరిస్థితి పరిశీలించి 1910లో ఒక నివేదిక రాశాడు. ఆయన చూసినవి ఎన్నో లేవు. ఎలాంటివాళ్లను చేర్చుకుంటున్నారు, చెప్పేవాళ్లు ఎవరు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, లేబొరేటరీ ఉందా, పిల్లలు ఆస్పత్రిలో రోగుల దగ్గరకు వెళ్లగలుగుతున్నారా. అంతే. ఆ ప్రశ్నల ముందు నిలబడలేక చాలా కాలేజీలు తరవాత మూతపడ్డాయి. వందేళ్లు దాటినా నాకు అంతకంటే మంచి ప్రశ్నలు దొరకలేదు. నువ్వు కూడా అలాగే వెళ్లి చూడు. మామూలు పనిరోజు పొద్దున వెళ్లి ఓపీ దగ్గర గంట కూర్చో. క్యూ ఎంతుంది? వార్డుల్లో మంచాలు నిండి ఉన్నాయా? మళ్లీ రాత్రి పది దాటాక క్యాజువాలిటీకి, అదే అత్యవసర కేసులు చూసే చోటికి వెళ్లు, మీ నాన్నను తోడు తీసుకుని. అక్కడ కుర్ర డాక్టర్లు ఒక్కళ్లే తంటాలు పడుతున్నారా, పక్కన చెప్పే పెద్దవాళ్లు ఉన్నారా చూడు. ఫస్ట్ ఇయర్ పిల్లల్ని ఏమీ అడక్కు, వాళ్లకు ఇంకా అంతా కొత్త. ఇంటర్న్‌ల్ని, అంటే ఫైనల్ పరీక్షలు అయిపోయి ఆస్పత్రిలో పనిచేస్తున్నవాళ్లని అడుగు. 'నీ చేత్తో ఎన్ని కాన్పులు చేశావు, ఎన్ని కుట్లు వేశావు' అని సూటిగా అడుగు. అనాటమీలో ఒక శవం చుట్టూ ఎంతమంది నిలబడతారో కూడా అడుగు. ముందు వరసలో ఉన్నవాళ్లకే నరం కనిపిస్తుంది, వెనక ఉన్నవాళ్లకు ముందువాళ్ల భుజాలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఒక పాత సంగతి. ఇది మీ మామయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకు కూడా పెళ్లికి ముందు ఒక్కసారే చెప్పాను.

నాకూ ఆ రోజుల్లో రెండు చోట్ల సీటు వచ్చింది. దూరంగా ఉన్నదానికి పెద్ద ఆస్పత్రి ఉంది. దగ్గరది అప్పుడప్పుడే మొదలైంది, వార్డుల్లో సగం మంచాలు ఖాళీ. ఆ దగ్గరి ఊళ్లో ఒక అబ్బాయి ఉండేవాడు. నేను దగ్గరదే తీసుకున్నాను. ఇంట్లో అడిగితే దూరపు కాలేజీలో ర్యాగింగ్ ఎక్కువట అన్నాను. మీ నాన్న నా ట్రంకు పెట్టె మోస్తూ 'అంత మంచి కాలేజీ వదిలేశావేమే' అని దారంతా సణిగాడు. ఆ అబ్బాయి కూడా అదే అడిగాడు. 'నాకు ఇదే నచ్చింది' అన్నాను. ఎందుకు నిజం చెప్పలేదో తెలుసా? చెబితే 'వద్దు, నువ్వు అక్కడికే వెళ్లు' అంటాడేమోనని భయం. అంటే నన్ను దూరం పంపడం అతనికి కష్టం కాదని అర్థం చేసుకునే వయసు అది.

రెండేళ్లు బాగానే గడిచాయి. వార్డుల్లోకి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. చూడటానికి కేసులే లేవు. పెద్ద కాలేజీలో చేరిన స్నేహితురాలు ఉత్తరాల్లో ఇవాళ అది చూశాను, ఇది చేశాను అని రాసేది. చదివి మడిచి పెట్టేసేదాన్ని. ఆ సాయంత్రం అతను అరగంట ఆలస్యంగా వస్తే నాకు ఒళ్లు మండిపోయేది. అరగంట ఆలస్యానికి అంత కోపం ఎందుకో పాపం అతనికి అర్థమయ్యేది కాదు.

ఫైనల్ ఇయర్‌లో మెడిసిన్ ప్రాక్టికల్. నాకు వచ్చిన కేసులో స్ప్లీన్, అదే ప్లీహం, బొడ్డు దాకా పెరిగి ఉంది. దాని అంచు వెతకాలంటే కింద కుడివైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా ఎడమ పక్కటెముకల వైపు రావాలి. నేను చెయ్యి తిన్నగా పక్కటెముకల కిందే పెట్టాను. చెయ్యి స్ప్లీన్ మీదే ఉంది, అంచు మాత్రం ఎక్కడా తగల్లేదు. 'ఏమీ లేదు సార్' అన్నాను. ఎగ్జామినర్ కోప్పడలేదు. 'ఇంతవరకూ ఎన్ని స్ప్లీన్‌లు చూశావమ్మా' అని అడిగాడు. ఒకటి అన్నాను. తల ఊపి రాసుకున్నాడు. ఫెయిల్.

బయట గేటు దగ్గర అతను నా కోసం నిలబడి ఉన్నాడు. 'పర్లేదు, మళ్లీ రాస్తావులే' అన్నాడు ఎంతో ప్రేమగా. నాలుగేళ్లుగా దాచింది ఒక్కసారిగా బయటికొచ్చేసింది. నీ కోసమే ఈ కాలేజీలో చేరాను, నీ వల్లే ఇలా అయ్యాను అని నడిరోడ్డు మీద అరిచాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మెల్లగా, 'నన్ను అడగలేదు కదా' అన్నాడు. 'అడిగి ఉంటే వెళ్లమనేవాణ్ణి. సెలవులకు నేనే వచ్చేవాణ్ణి.'

దానికి నా దగ్గర ఏ జవాబూ లేదు. అతనికి తెలియకుండా అతని పేరున నాలుగేళ్లు అప్పు రాసుకుంటూ వచ్చాను, ఒకరోజు మొత్తం కట్టమన్నాను. కొన్ని నెలలకు విడిపోయాం. చెడ్డవాడు కాదు, తల్లీ. స్ప్లీన్ సంగతి తరవాత ఇంకో ఆస్పత్రిలో చేరి రోజూ తడిమి తడిమి నేర్చుకున్నాను. ఆ మాటను మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాను.

అందుకని దగ్గరి కాలేజీ వద్దని చెప్పడం లేదు. అది బాగుంటే అదే తీసుకో. అతను అక్కడ ఉండటం కూడా ఒక కారణమైతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కానీ ఆ కారణం అతనికి తెలియాలి. సీటు ఖాయం చేసుకునే ముందే ఎదురుగా కూర్చుని చెప్పు. మెసేజ్‌లో వద్దు. అతనికి ఏమనిపిస్తోందో విను, నీకు నచ్చని మాట వచ్చినా విను. నిర్ణయం మాత్రం నువ్వే తీసుకో, నీ పేరు మీదే తీసుకో. ఇద్దరూ మాట్లాడుకున్నాక కూడా ఎటూ తేలకపోతే నా మాట వినేసి పేషెంట్లు ఎక్కువున్న చోటికి వెళ్లు. మనిషిని చూడటానికి రైలెక్కి వెళ్లొచ్చు. చూడని కేసుల కోసం తరవాత ఎక్కడికని వెళ్తావు?

రైలంటే గుర్తొచ్చింది. దూరపు కాలేజీకే వెళ్లావనుకో, నైట్ డ్యూటీ దిగి నేరుగా నువ్వే బండి నడుపుకుంటూ అతన్ని చూడటానికి బయల్దేరావని నాకు తెలిస్తే ఊరుకోను. 24 గంటలు నిద్ర లేని మనిషి ఒళ్లు బాగా తాగిన మనిషి ఒంటిలాగే పనిచేస్తుంది. 2005లో అమెరికాలో ఇంటర్న్‌ల మీద చేసిన అధ్యయనంలో, 24 గంటలు దాటిన డ్యూటీ చేసి ఇంటికి బండి నడుపుకుంటూ వెళ్లేటప్పుడు యాక్సిడెంట్ అయ్యే అవకాశం రెండింతలకు పైగా ఉందని తేలింది. నాకు ఆ లెక్క అక్కర్లేదు. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అలా బయల్దేరి మళ్లీ రాలేదు. ఇప్పటికీ తెల్లవారుజామున ఫోన్ మోగితే నాకు మొదట అదే గుర్తొస్తుంది. కాబట్టి ముందు నిద్రపో. అతను నాలుగు గంటలు ఎదురుచూస్తే ఏమీ కాదు. బస్సు గాని రైలు గాని ఎక్కు, స్టీరింగ్ ముట్టుకోకు.

రోజూ రాత్రి తొమ్మిదికి మాట్లాడుకుందాం లాంటి ఒప్పందాలు పెట్టుకోకండి. వార్డుకు తొమ్మిది గంటలని తెలియదు. రెండు రోజులు తప్పితే మూడో రోజు గొడవే. ఎవరికి వీలైనప్పుడు వాళ్లు ఒక వాయిస్ మెసేజ్ పెట్టుకోండి, వారంలో ఒక్కసారి మాత్రం తీరిగ్గా మాట్లాడుకోండి. ఒంట్లో ఓపిక లేకపోతే 'ఇవాళ ఓపిక లేదు, రేపు మాట్లాడతా' అని చెప్పు. ఏం లేదు, బాగానే ఉన్నా అనకు. అతనికి అది తలుపు వేసినట్టు వినిపిస్తుంది.

మొదటిసారి నీ కళ్లముందు ఒక మనిషి పోయిన రోజు అతనికి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది. చెయ్యి. ఏడువు. పేషెంట్ పేరు, ఊరు, రోగం మాత్రం అతనికి కూడా చెప్పకూడదు, నీకు ఎలా ఉందో అంతే చెప్పు. అతను ఏమీ అనలేక ఊరుకుంటే అర్థం చేసుకోలేదని కోప్పడకు. మనకే మాటలు రావు, అతనికెలా వస్తాయి?

అలాగే, నువ్వు డాక్టర్ అవుతున్నావని అతని పరీక్షలు, అతని ఉద్యోగం టెన్షన్లు చిన్నవైపోవు. మా చదువులో ఉన్నవాళ్లకు తెలియకుండానే ఆ జబ్బు వస్తుంది. ప్రాణాల మధ్య తిరిగి వచ్చాక ఎవరి బాధ విన్నా ఇదీ ఒక బాధేనా అనిపిస్తుంది. నీకు అలా అనిపించిన రోజు కాసేపు నోరు మూసుకుని విను. ఇంత కటువుగా చెబుతున్నానని అనుకోకు. చిన్నప్పుడు నా స్టెతస్కోప్ చెవుల్లో పెట్టుకుని బొమ్మ గుండె కొట్టుకోవడం లేదని ఏడ్చిన పిల్లవి నువ్వు. నీకు ఎవరి బాధా చిన్నది కాకూడదు.

ఆ స్టెతస్కోప్ ట్యూబులు గట్టిపడిపోతే మార్పించాను. డయాఫ్రం, అదే ఛాతీకి ఆనించే బిళ్ల, అది కూడా కొత్తది. నువ్వు ఎటు వెళ్లినా అది నీకే.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఆ అబ్బాయితో మాట్లాడిన తరవాతే చెయ్యి, ముందు వద్దు. ఇంకోటి, ఈ ఉత్తరం మీ నాన్నకు చూపించకు. ఆ కాలేజీలో నిజంగా ర్యాగింగ్ ఎక్కువని వాడు ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఆ సంగతి నేనే చెప్పుకోవాలి.

మీ అత్త