మాల వేసుకున్న మూడో రాత్రి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా ఆయన రొయ్యల చెరువుల మీద పని చేస్తారు. పన్నెండేళ్ళుగా తాగుతున్నారు, ఈమధ్య రోజుకి రెండు క్వార్టర్లు. పొద్దున్నే కాస్త పడితే గానీ చేతుల వణుకు ఆగదు. పోయిన కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కసారే మానేశారు. రెండో రోజు ఫిట్స్ వచ్చింది. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని ఒకటే కేకలు. గాలి సోకిందన్నారు కొందరు, నియమం తప్పాడన్నారు కొందరు. ఊళ్ళో ఆర్‌ఎంపీ గారు సెలైన్ ఎక్కించారు. ఆఖరికి మా మరిది కొంచెం మందు పోస్తే కుదుటపడ్డారు, మాల తీసేశారు. మా అత్తగారేమో "వాడు తాగితేనే బాగుంటాడు, వదిలెయ్" అంటున్నారు. తెలియకుండా కూరలో కలిపే మందు ఉందట, తెప్పించనా? ఆస్పత్రిలో వేస్తే కట్టేసి కరెంటు పెడతారని భయంగా ఉందండి.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, ఆయనకి గాలీ సోకలేదు, నియమమూ తప్పలేదు. మీరు రాసింది గంటల లెక్కతో సహా మా వైద్య పుస్తకాల్లో ఉన్నదే. రోజూ బాగా తాగే మనిషి ఆపేస్తే ఆరు, ఎనిమిది గంటల్లో వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత, ఎక్కువగా మూడో రోజు, నాలుగో రోజు ఆ లేని పురుగులు కనపడటం, ఎక్కడున్నారో తెలియకపోవడం, దాన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. ప్రాణాలు పోతాయమ్మా దీనితో. మీ అత్తగారు కళ్ళారా చూసింది నిజమే, తాగగానే తగ్గింది, కానీ ఆ మందు వల్ల వచ్చిన జబ్బే మందుతో తాత్కాలికంగా అణిగింది, అంతే.

మద్యం మెదడుని మందగింపజేస్తుంది. ఏళ్ళ తరబడి అలా జరిగితే మెదడు దానికి ఎదురు నిలబడటానికి తన జోరు పెంచుకుంటుంది. మీ కాలవ లాకుల దగ్గర చూసే ఉంటారు, తలుపు వెనక నీళ్ళు ఎంత ఎత్తున నిలబడతాయో. మెల్లగా వదిలితే పడవ క్షేమంగా దిగుతుంది, ఒక్కసారే వదిలితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? డిటాక్స్, అంటే ఆస్పత్రిలో మందులిచ్చి తాగుడు ఆపించడం, ఇలా మెల్లగా వదలడమే.

ఆస్పత్రిలో జరిగేది ఇదీ. ఆఖరిసారి ఎప్పుడు తాగారు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా అని అడుగుతారు, ఈ రెండూ దాచకుండా చెప్పండి. రక్తపరీక్షలు చేసి లివరు, షుగరు, లవణాలు చూస్తారు. క్లోర్‌డయాజెపాక్సైడ్ లాంటి మాత్రలు, లివరు బాగా దెబ్బతిని ఉంటే లోరాజెపామ్, మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి రోజురోజుకీ తగ్గించుకుంటూ వారం పది రోజుల్లో ఆపేస్తారు. వీటిని మెడికల్ షాపులో కొని ఇంట్లో వాడకండి. ఆ మాత్రల మీద మద్యం తాగితే ఊపిరి ఆగిపోవచ్చు, పైగా వాటికీ అలవాటు పడతారు.

ఇక సెలైన్ సంగతి, ఇది మన పల్లెల్లో అందరూ తెలుసుకోవాలి. తాగేవాళ్ళ ఒంట్లో థయామిన్, అంటే బి1 విటమిన్, బాగా తగ్గిపోయి ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజు ఉన్న సెలైన్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి కళ్ళు, నడక, జ్ఞాపకం దెబ్బతినే ప్రమాదం ఉంది, కొందరిలో ఆ జ్ఞాపకశక్తి మళ్ళీ తిరిగిరాదు. అందుకే థయామిన్ ఇంజెక్షన్ ముందు పడాలి.

కరెంటు పెట్టడమనేది డిటాక్స్‌లో లేదు. కానీ డాక్టరు లేకుండా, ఇంట్లోవాళ్ళని చూడనివ్వకుండా నడిపే తాగుడు మాన్పించే సెంటర్లో మాత్రం చేర్చకండి. కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఏ వేళప్పుడైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

కూరలో కలిపే మందు వద్దే వద్దు! అలా అమ్మేవాటిలో డైసల్ఫిరామ్ ఉండొచ్చు. అది ఒంట్లో ఉన్నవాళ్ళు తాగితే వాంతులు, ఒళ్ళంతా ఎర్రబడటం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. ఆయనకి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చేతి మీదుగా వాడాల్సిన మందు అది.

డిటాక్స్‌తో ఒంట్లో వణుకు పోతుంది గానీ తాగాలనే గుంజులాట వెంటనే పోదు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా, పక్కన అదే జట్టు, దారిలో అదే బెల్టు షాపు. అందుకని తర్వాత నెలల తరబడి కౌన్సెలింగ్, నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులు, కుదిరితే తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలిసే ఆల్కహాలిక్స్ ఎనానిమస్ మీటింగులు అవసరమవుతాయి. మధ్యలో ఒకసారి తాగేసినా తిట్టకండి, మళ్ళీ తీసుకెళ్ళండి. బీపీ మందు ఆపితే బీపీ పెరిగినట్టే ఇదీను.

ఆస్పత్రికి వెళ్ళే రోజు దాకా సీసా లాక్కోవద్దు, ఒట్లు వేయించుకోవద్దు. రాయడానికి నాకూ కష్టంగానే ఉంది కానీ ఒకసారి ఫిట్స్ వచ్చిన మనిషికి ఈసారి ఇంకా గట్టిగా రావచ్చు. మాల మాత్రం ఆయన మనసులో ఉన్న మంచి కోరిక, దాన్ని పోనివ్వకండి. ఈ కార్తీకానికి వేసుకోవాలంటే కనీసం నెల ముందే ఆస్పత్రిలో చేర్చండి, డాక్టరు సరే అన్నాకే గురుస్వామి దగ్గరకి పంపండి.