తెమడ పరీక్షలో టీబీ క్రిములు ఎందుకు మెరుస్తాయి?

క్రిములకు సొంత వెలుగు ఉండదు. మెరిసేది వాటికి పట్టించిన ఆరమిన్-ఓ అనే రంగు. అది దాదాపు 450 నానోమీటర్ల నీలి కాంతిని పీల్చుకుని, కొంత శక్తి పోగా మిగిలినదాన్ని పసుపు, ఆకుపచ్చ కలిసిన వెలుగుగా వదులుతుంది. మైక్రోస్కోపులోని ఫిల్టర్ నీలి కాంతిని ఆపేస్తుంది కాబట్టి మనకు ఆ వెలుగే కనిపిస్తుంది.

మరి టీబీ క్రిమికే ఎందుకు? దాని గోడలో మైకోలిక్ ఆమ్లాలనే మైనం లాంటి పొర ఉంది. ఆసిడ్ కలిపిన ఆల్కహాల్‌తో కడిగినా అది పట్టిన రంగును వదలదు. మన కణాలు, చాలా రకాల బ్యాక్టీరియా మాత్రం వెలిసిపోతాయి. తర్వాత పొటాషియం పర్మాంగనేట్ పోస్తే క్రిముల చుట్టూ ఉన్న భాగం చీకటవుతుంది.

క్రిములకు ఎర్ర రంగు పట్టించే పాత జీల్-నీల్సన్ పద్ధతిలో వాటిని 100ఎక్స్ (100 రెట్లు పెద్దగా చూపే) ఆయిల్ లెన్సుతో అంగుళం అంగుళం వెతకాలి. ఈ మెరిసే రంగు పద్ధతిలో 20ఎక్స్ లేదా 40ఎక్స్ చాలు; ఒక్క చూపులో ఎక్కువ మేర కనిపిస్తుంది, క్రిములు తక్కువున్నా దొరికే అవకాశం పెరుగుతుంది. రోజంతా స్లైడ్లు చూసే టెక్నీషియన్ కళ్ళకు ఇది చాలా పెద్ద మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2011లో ఎల్‌ఈడీ మైక్రోస్కోపులతో ఈ పద్ధతిని సిఫారసు చేసింది.

ఒక జాగ్రత్త: వెలుతురు తగిలితే ఈ మెరుపు తగ్గిపోతుంది. స్లైడును చీకట్లో ఉంచి, ఆలస్యం చేయకుండా చూడాలి.