రోజూ మీటింగ్ అవసరమా? – సమాధానం
అన్నా, చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీలో మామిడి సీజన్ మొత్తం పొద్దున్నే మీటింగ్‌తో గంట పోతోంది, మేనేజర్‌కి ఎలా చెప్పాలి అన్నారు కదా. నిన్న ఎన్ని టన్నులు దిగాయి, ఎన్ని డ్రమ్ములు నిండాయి అన్నదానికి వాట్సాప్‌లో నాలుగు లైన్లు చాలు, దానికోసం సూపర్‌వైజర్లందర్నీ లేపి కూర్చోబెట్టడం దండగ. కానీ గేటు బయట తోతాపురి లోడ్లు బారులు తీరి, కాయ ఎండకి మెత్తబడుతుంటే, ఏ లారీ ముందు దించాలో కొనుగోలు వాళ్లదొక మాట, క్వాలిటీ వాళ్లదొక మాట అయినప్పుడు మాత్రం కూర్చోవాల్సిందే, అది ఫోన్లలో తేలదు, తేలినా రేపు నేననలేదంటారు.

మేనేజర్‌తో నేరుగా మీటింగ్ వద్దనకండి, ఆయనకి కాలుతుంది. ముందురోజు సాయంత్రమే 'సార్, రేపు ఏం తేల్చాలి?' అని అడగండి. ఏమీ లేదంటే మీటింగూ లేనట్టే. ఉందంటే, తేల్చగలిగేవాళ్లు మాత్రం గేటు దగ్గరే నిలబడి మాట్లాడేసుకోండి.